నాన్న క్యాసెట్ల కోసం మైక్ సెట్ ఈక్వలైజర్: రెండున్నర నెలల నా అనుభవం

నాన్న 1984 నుంచి 1991 దాకా విజయవాడ రేడియోలో వచ్చిన భక్తిరంజని, కచేరీలు క్యాసెట్లలోకి ఎక్కించి పెట్టారు. మొత్తం 63. అట్టల మీద తేదీ, రాగం, పాడినవారి పేరు ఆయన గుండ్రటి చేతిరాతలో ఉంటాయి. ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. సత్యనారాయణపురంలో మా పాత ఇంటి అటక మీద నుంచి వాటిని దింపి, వాటిని ఆడించే డెక్‌కి బెల్టు మార్పించి, హెడ్ శుభ్రం చేయించి, రాత్రిపూట ఎవరికీ ఇబ్బంది లేకుండా ఒక్కొక్కటీ విందామని 2024 డిసెంబరులో మంచి హెడ్‌ఫోన్ కొన్నాను. స్టూడియోల్లో వాడే ఓపెన్ బ్యాక్ రకం, 250 ఓమ్‌లు. 13,500 రూపాయలు. దానికి చిన్న ఆంప్లిఫయర్ వేరే.

సంక్రాంతి సెలవుల్లో వినడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. ‘స’, ‘శ’ వచ్చిన ప్రతిసారీ చెవిలో సూది గుచ్చినట్టుండేది. పాడేవారు ‘శ్రీ’ అంటే చాలు, నా భుజాలు బిగుసుకునేవి. వయొలిన్ పై స్థాయికి వెళ్తుంటే తెలియకుండానే చెయ్యి వాల్యూమ్ మీదికి పోయేది. టేపు చేసే ‘స్స్స్’ చప్పుడు పాట కంటే ముందుకొచ్చి కూర్చునేది. నాన్న అంత శ్రద్ధగా దాచినవాటిని నేను నొప్పి పుట్టి ఆపేస్తున్నానని చాలా దిగులేసింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పాటలు వినేవాళ్లకు నేను పడ్డ ఈ శ్రమ అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఈక్వలైజర్ యాప్ చాలు. పాటలో ఏ ఎత్తు ధ్వని ఎంత గట్టిగా వినపడాలో మార్చేదే ఈక్వలైజర్. నాది క్యాసెట్ డెక్. దాని ధ్వని తీగల్లో నేరుగా ఆంప్లిఫయర్‌కి పోతుంది. మధ్యలో పట్టుకుని సరిచేయాలంటే అక్కడ ఒక పెట్టె ఉండాల్సిందే.

ఆ పెట్టె నాకు పెళ్లిలో దొరికింది. ఫిబ్రవరి 2న గొల్లపూడిలో మా బాబాయి కూతురి పెళ్లి. మైక్ సెట్ పెట్టిన పెద్దాయన పక్కన ఇనప ర్యాక్, అందులో ఒక పాత ఈక్వలైజర్. రెండు వరసలు, వరసకు 31 ఫేడర్లు, అంటే పైకీ కిందికీ జరిపే మీటలు. ఒక్కో మీట ఒక్కో ఎత్తు ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. పురోహితుడి మైకు కూత పెట్టినప్పుడల్లా ఆయన చెయ్యి తిన్నగా ఒక ఫేడర్ మీదికి వెళ్లి, దాన్ని గోరంత కిందికి లాగేది. కూత ఆగిపోయేది. మంత్రాలు మాత్రం ఎప్పటిలాగే వినపడేవి. నేను ముహూర్తం వదిలేసి ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాను.

భోజనాలయ్యాక వెళ్లి అడిగాను, “ఏ ఫేడరో మీకెలా తెలుస్తుందండీ?” అని.

“ముప్ఫై ఏళ్లుగా చెవిలో కూస్తానే ఉంది కదా సార్, తెలవదా?” అన్నారు. నా హెడ్‌ఫోన్ సంగతి చెప్తే కాసేపు విని, “కూసేచోటే కొయ్యాలి సార్. పక్కనున్నవాటిని కదిపారంటే గొంతు చచ్చిపోద్ది” అన్నారు. ఆ తర్వాత రెండు నెలలూ నేను చేసిన తప్పులన్నీ ఈ మాట మర్చిపోయినప్పుడు చేసినవే.

కొత్త డిజిటల్ మిక్సర్లలో ఈక్వలైజర్ లోపలే ఉంటోందట. అందుకని పాతవి రెండు ఆయన గొడౌన్‌లో ఊరికే పడున్నాయి. ఫిబ్రవరి 8న భవానీపురం వెళ్లి ఒకటి తెచ్చుకున్నాను. 5,000 చెప్పి 4,500కి ఇచ్చారు. ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చాను, 120 రూపాయలు. వెడల్పు 19 అంగుళాలు. నా బల్ల మీద పట్టలేదు. డెక్‌ని బీరువా పక్కనున్న స్టూలు మీదికి మార్చాల్సి వచ్చింది. ఈ మార్పు తర్వాత నాకు నాలుగు రోజుల టెన్షన్ తెచ్చిపెట్టింది.

తెచ్చిన రోజు ఫేడర్లు కదిపితే బరబరమని చప్పుడు. ఏళ్ల తరబడి పందిళ్ల దుమ్ము. గవర్నర్‌పేటలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే 350 పెట్టి కొన్నాను. కరెంటు తీసేసి, ప్రతి ఫేడర్ సందులోకి సన్నటి గొట్టంతో ఒక్క చుక్క కొట్టి, పైకీ కిందికీ ఇరవైసార్లు లాగాలి. 62 ఫేడర్లు. వేలి చివర చర్మం ఎర్రబడింది. ఆ సందుల్లోంచి నల్లటి తడి దుమ్ముతో పాటు ఒక చోట రెండు అక్షింతలు బయటికొచ్చాయి. పసుపు ఇంకా పోలేదు. ఎవరి పెళ్లివో. వాటిని పారెయ్యబుద్ధి కాలేదు, చిన్న డబ్బాలో వేసి ఉంచాను.

శుభ్రం చేశాక బరబర పోయింది. కానీ కుడి చెవి వైపు వరసలో 6.3 కిలోహెర్ట్జ్ (ధ్వని ఎత్తుకి కొలత, అంకె పెరిగేకొద్దీ ధ్వని సన్నబడుతుంది) ఫేడర్ చచ్చిపోయి ఉంది. ఎంత లాగినా తేడా లేదు. నాకు పని ఉన్నదే ఆ చుట్టుపక్కల. ఫిబ్రవరి 13న రిపేరుకిచ్చాను. రెండు రోజులన్నారు. పదకొండు రోజులు పట్టింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండుసార్లు వెళ్లొచ్చాను. అలాంటి ఫేడర్ విడిగా ఎక్కడా దొరకలేదట. చివరికి ఆ మెకానిక్ ఒక తెలివైన పని చేశాడు. అదే వరసలో చిట్టచివర 20 కిలోహెర్ట్జ్ దగ్గరున్న మంచి ఫేడర్ విప్పి 6.3 చోట పెట్టి, పాడైనదాన్ని ఆ చివరికి మార్చాడు. “అక్కడ మీకూ వినపడదు, నాకూ వినపడదు సార్” అన్నాడు. నిజమే. 800 తీసుకున్నాడు. ఆలస్యానికి వచ్చిన కోపం ఆ ఒక్క ఆలోచనతో పోయింది.

పాత ఈక్వలైజర్ కొనేవాళ్లు కొనే ముందే హెడ్‌ఫోన్, ఆంప్లిఫయర్ పట్టుకెళ్లి ప్రతి ఫేడర్‌నీ కదిపి వినండి. నేను దీపాలు వెలుగుతున్నాయా లేదా అని మాత్రమే చూసుకుని తెచ్చుకున్నాను. ఇంకోటి, హెడ్‌ఫోన్‌ని నేరుగా ఈక్వలైజర్‌కి తగిలించకూడదు. దానికి హెడ్‌ఫోన్‌ని మోసే శక్తి ఉండదు. డెక్, ఆ తర్వాత ఈక్వలైజర్, ఆ తర్వాత ఆంప్లిఫయర్, అప్పుడు హెడ్‌ఫోన్. ఈ వరసలోనే ఉండాలి.

ఫిబ్రవరి 24 రాత్రి అన్నీ కలిపి స్విచ్ వేశాను. పాట కంటే ముందు ‘బుయ్‌య్’మని హమ్. గుండె జారిపోయింది. డెక్ వైపు మామూలు ఆడియో పిన్నులు, ఈక్వలైజర్ వైపు మైకులకుండే మూడు పిన్నుల ప్లగ్గులు కావాలి కాబట్టి 640 పెట్టి నాలుగు కేబుళ్లు కట్టించుకున్నాను. మర్నాడు పెద్దాయనకి ఫోన్ చేస్తే, “ప్లగ్ విప్పి వీడియోలో చూపించండి” అన్నారు. చూపించాను. ఈక్వలైజర్ లోపలికి వెళ్లే రెండు కేబుళ్లలోనూ మూడో పిన్ను ఖాళీగా వదిలేశారు. “ఆ మూడుని ఒకటికి కలిపి టంకం పెట్టండి సార్” అన్నారు. శివరాత్రి జాగారం రాత్రి కూర్చుని ఆ రెండు టంకాలూ పెట్టాను. హమ్ ముప్పావు వంతు పోయింది.

మిగిలిన పావు ఎక్కడిదో తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. బీరువా పక్కకి మార్చిన డెక్ ఒక గోడ సాకెట్‌లో, ఈక్వలైజర్, ఆంప్లిఫయర్ కిటికీ దగ్గర ఇంకో సాకెట్‌లో ఉన్నాయి. రెండు సాకెట్ల ఎర్త్ వేరువేరు దారుల్లో వెళ్తే, ఆ రెంటినీ ఆడియో కేబుల్ కలిపి ఒక చుట్టులా చేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గొణుగుడు ఆ చుట్టులోంచి పాటలోకి ఎక్కుతుంది. 550 పెట్టి ఒక గట్టి స్పైక్ బోర్డు కొని అన్నీ దానికే తగిలించాను. ఫిబ్రవరి 28 రాత్రి స్విచ్ వేస్తే నిశ్శబ్దం. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏ పాటా పెట్టకుండా పది నిమిషాలు ఆ నిశ్శబ్దమే విన్నాను. ఎర్త్ పిన్ను కోసేస్తే హమ్ పోతుందని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇనప డబ్బాలో ఏదైనా తీగ తెగి తగిలితే ప్రాణానికే ప్రమాదం.

ఖర్చు ఇక్కడితో అయిపోయింది. ఆటోతో కలిపి 6,960.

మార్చి 1 రాత్రి నేను చేసిన పని అందరూ చేసేదే. కింది స్వరాల ఫేడర్లు ఎత్తాను, పై స్వరాల ఫేడర్లు ఎత్తాను, మధ్యవి దింపాను. ఫేడర్లన్నీ కలిసి నవ్వు ఆకారంలో నిలబడ్డాయి. ఆహా అనిపించింది. రెండింటి దాకా విన్నాను. పొద్దున లేచి అదే క్యాసెట్ అదే చోట పెడితే భరించలేకపోయాను. మృదంగం డబ్బాలో మోగినట్టుంది, గొంతు ఎక్కడో వెనక గదిలో ఉంది. రాత్రి నచ్చిందని నమ్మకూడదని ఆ పొద్దున నిర్ణయించుకున్నాను. అన్నిటినీ సున్నాకి తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటినుంచి రోజుకి ఒక్క మార్పు, అది కూడా మర్నాడు పొద్దున మళ్లీ విన్నాకే ఖాయం.

కూసేచోటు వెతకడం మార్చి 8, 9 తేదీల్లో జరిగింది. డెక్ బదులు ఫోన్ తగిలించి, టోన్ వినిపించే యాప్‌లో 1 కిలోహెర్ట్జ్ నుంచి నెమ్మదిగా పైకి జరిపాను. వాల్యూమ్ చాలా తక్కువ ఉండాలి, లేకపోతే చెవికి దెబ్బ. 3 దగ్గర చప్పుడు కాస్త పెరిగింది. అది చెవి గొట్టం స్వభావమే, ఎవరికైనా అక్కడ పెరుగుతుంది. 5 దగ్గర తగ్గింది. ఏడున్నర దాటగానే అదే వాల్యూమ్‌లో సన్నటి సూది. ఎడమ చెవికి 7.6 దగ్గర, కుడికి 8.2 దగ్గర. చెవి ఆకారాన్ని బట్టి ఈ చోటు మనిషి మనిషికీ మారుతుంది, ఒకే మనిషిలో రెండు చెవులకీ కూడా మారుతుంది. అందుకే ఇంకొకరి లెక్కలు చూసి ఫేడర్లు పెట్టుకుంటే పూర్తిగా కుదరదు. ఇంకా పైకి జరుపుతుంటే 13 దాటాక నాకు ఏమీ వినపడలేదు. వయసు 48. మా అమ్మాయికి 17 దాకా వినపడింది. “నాన్నా, ఇంకా మోగుతోంది కదా” అంటుంటే ఖాళీ నిశ్శబ్దం వింటూ కూర్చోవడం మనసుకు కష్టంగానే అనిపించింది.

దొరికింది కదా అని 6.3, 8, 10 మూడింటినీ 5 డెసిబెల్స్ దింపాను. తప్పు. పక్కపక్క ఫేడర్లు కలిసి లాగుతాయి, మధ్యలో 5 కంటే చాలా ఎక్కువ లోతు గొయ్యి పడుతుంది. తాళాలు గుడ్డలో చుట్టి కొట్టినట్టయ్యాయి, వయొలిన్‌లో కమాను రాపిడే పోయింది. మళ్లీ పెద్దాయన మాట గుర్తొచ్చింది. చివరికి నిలిచింది ఇది: 8 దగ్గర 5 కిందికి, 6.3 దగ్గర 2, 10 దగ్గర ఒకటిన్నర. అంతే. వెనకాల 12, 6 అని ఒక స్విచ్ ఉంది. అది 6 మీద పెడితే ఫేడర్ అదే పొడవు కదిలినా మార్పు సగమే ఉంటుంది, సన్నగా సర్దుకోవచ్చు. ఈ స్విచ్ ఉన్న సంగతి నాకు పది రోజుల దాకా తెలీదు.

‘శ్రీ’ అన్నప్పుడు భుజాలు బిగుసుకోని మొదటి రాత్రి మార్చి 14. గంటా ఇరవై నిమిషాలు విన్నాను.

తర్వాత ఫ్యాన్ గొడవ. మార్చి రెండో వారం దాటితే బెజవాడలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లోకి బయటి చప్పుడంతా వస్తుంది. ఫ్యాన్ హోరు కింది స్వరాలని మింగేస్తుంటే, హెడ్‌ఫోన్‌లో బాస్ తక్కువైందనుకుని 63, 80, 100 హెర్ట్జ్ ఫేడర్లు 3 డెసిబెల్స్ ఎత్తాను. ఒక తెల్లవారుజామున చల్లగా ఉందని ఫ్యాన్ ఆపి వింటే మృదంగం తొప్పి (బాస్ పలికే వైపు) గుమ్మని గదంతా నింపింది. తిరిగి దింపేశాను. ఇప్పుడు ఫ్యాన్ ఒకటో నంబరు మీద పెట్టుకుంటాను, చెమట పట్టినా సరే. వాల్యూమ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. తగ్గించి వింటే చెవికి బాస్ మరీ తగ్గినట్టు తోస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకని వాల్యూమ్ నాబ్ మీద మా ఆవిడ గోళ్లరంగుతో చుక్క పెట్టుకుని, ఎప్పుడూ ఆ చుక్క దగ్గరే పోల్చి చూశాను.

ఇంత చేసినా ఒక అనుమానం వదల్లేదు. నిజంగా తేడా ఉందా, నా భ్రమా? బైపాస్ బటన్ నొక్కితే ఈక్వలైజర్ పక్కకి తప్పుకుంటుంది. నొక్కి చూస్తే ప్రతిసారీ ఈక్వలైజర్‌తోనే బాగుంది. మల్టీమీటర్ పెట్టి 400 హెర్ట్జ్ టోన్‌తో కొలిస్తే విషయం బయటపడింది. ఈక్వలైజర్ ఉన్నప్పుడు 0.42 వోల్టులు, బైపాస్‌లో 0.33. అంటే 2 డెసిబెల్స్ ఎక్కువ. చెవి గట్టిగా ఉన్నదాన్నే మంచిదనుకుంటుంది. గెయిన్ నాబ్ తిప్పి రెండూ 0.33కి తెచ్చాను. మామూలు మల్టీమీటర్లు పై స్వరాల్ని సరిగ్గా కొలవవు, అందుకే 400 దగ్గర కొలవాలి.

అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాక మార్చి 23న కుర్చీ వెనకాల నిలబడి తను బటన్ నొక్కింది, నేను కళ్లు మూసుకుని చెప్పాను. 12 సార్లలో 11 సరిగ్గా చెప్పాను. సంతోషం పట్టలేకపోయాను. తర్వాత 250 హెర్ట్జ్ దగ్గర 1 ఎత్తడం, 1.6 కిలోహెర్ట్జ్ దగ్గర 1 దింపడం లాంటి చిన్న చిన్న సర్దుబాట్లు పరీక్షించాం. వాటి మీద నేను ఒక వారం పెట్టాను. 12లో 6. కళ్లు తెరిచి చూస్తేనే వినపడిన తేడా అది. వాటిని సున్నాకి తెచ్చేశాను.

పైన చెప్పిన అమరిక సీడీల్లాంటివాటికి ఉంచుకుని, నాన్న క్యాసెట్లకు మాత్రం వేరే అమరిక పెట్టాను. ఇవి మీడియం వేవ్ రేడియో నుంచి ఎక్కించినవి. మన దేశంలో ఆ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. రేడియో సెట్లలోంచి వచ్చే పాట 5 కిలోహెర్ట్జ్ పైన బాగా తగ్గిపోతుంది. అక్కడ ఎక్కువగా ఉండేది టేపు చప్పుడే. కాబట్టి 8 నుంచి పైవన్నీ అడుగుదాకా లాగేశాను. ‘స్స్స్’ తలుపు వేసినట్టు తగ్గిపోయింది, పాటలో పెద్దగా పోయింది లేదు. సీడీలకు ఇలా చేస్తే పాట చచ్చిపోతుంది.

ఈ పెట్టెకు జ్ఞాపకశక్తి లేదు. ఏప్రిల్ 5న, శ్రీరామనవమి ముందు రోజు, ఇల్లు దులుపుతుంటే గుడ్డ తగిలి రెండు వరసలూ చెదిరిపోయాయి. అదృష్టవశాత్తూ రెండు అమరికలకీ ఎదురుగా నిలబడి ఫొటోలు తీసుకుని ఉన్నాను. ఏటవాలుగా తీస్తే అర డెసిబెల్ తేడా వస్తుంది. తిన్నగా తీయాలి.

ఏప్రిల్ 13న 1986 నాటి క్యాసెట్ ఒకటి పెట్టాను. మొదట్లో నాన్న రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి ఎక్కించేవారు, కాబట్టి ఇంట్లో చప్పుళ్లు కూడా ఎక్కాయి. ఇదివరకు టేపు చప్పుడులో అవి వినపడలేదు. ఆలాపన మధ్యలో దూరంగా రైలు కూత. ఆ తర్వాత నాన్న చిన్నగా దగ్గి, దగ్గు ఆపుకోవడం. ఇంకా తర్వాత ఏదో గిన్నె చప్పుడు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

అమ్మని పిలిచి హెడ్‌ఫోన్ పెట్టాను. ఆవిడకి 76. కళ్లు మూసుకుని విని, “కాస్త మసగ్గా ఉందిరా” అంది. నాకు సరిపోయింది ఆవిడకి సరిపోవడం లేదు. 2.5, 3.15, 4 దగ్గరి ఫేడర్లు ఒక్కొక్కటీ మెల్లగా ఎత్తుతూ అడిగాను. 4 దగ్గర మూడు గీతలు పైకి వెళ్లాక చెయ్యెత్తి ఆగమంది. కాసేపటికి, “పాలవాడు. ఆ గిన్నె చప్పుడు పాలవాడు వచ్చినప్పటిది. మీ నాన్న కసిరారు ఆవేళ, పాటలో చప్పుడు చేశానని” అంది.

ఆ అమరికకి కూడా తిన్నగా నిలబడి ఫొటో తీసి, ‘అమ్మ’ అని పేరు పెట్టుకున్నాను.